మూడుసార్లు అడిగారు, ఎవరూ మాట్లాడలేదు

"అప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగారు మఠం పెద్ద లువాంగ్ ఫొ.

నాకు వెంటనే హైదరాబాద్‌లో కొన్న ఫ్లాటు, దాని ఈఎంఐ, ఇంకా కట్టాల్సిన పదకొండేళ్లు గుర్తొచ్చాయి. భిక్షువు అవుదామని వచ్చినవాడిని ధ్యానం గురించో, దుఃఖం గురించో అడుగుతారనుకున్నాను. బ్యాంకులో లోన్‌కి వెళ్లినట్టు అడుగుతారనుకోలేదు.

"ఉంది. ఇంటి లోన్" అన్నాను.

"నువ్వు గుండు చేయించుకుని కూర్చుంటే ఎవరు కడతారు?"

"మా ఆవిడ. ఆమెకూ ఉద్యోగం ఉంది. ఆర్నెల్లకి సరిపడా అకౌంట్‌లో వేసి పెట్టాం."

ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. అప్పులవాళ్లకు దొరక్కుండా కాషాయంలో దాక్కునేవాళ్లు బుద్ధుడి కాలంలోనే ఉండేవారట. ఆ ప్రశ్న పుట్టిందే అందుకట. "నువ్వు పారిపోవడం లేదు కదా, అది చాలు" అన్నారు.

ఇది 2019 మే నెల మాట. నేను బ్యాంకాక్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేవాడిని. పాత కాంట్రాక్ట్ అయిపోయింది, కొత్తది జనవరిలో మొదలవుతుంది. ఈ దేశంలో మగవాడు జీవితంలో ఒక్కసారైనా, కనీసం ఒక వర్షావాసం, అంటే వానాకాలపు మూడు నెలలు, భిక్షువుగా ఉండటం పాత ఆచారం. ప్రభుత్వ ఉద్యోగులకు దానికోసం 120 రోజుల వరకు సెలవు కూడా ఇస్తారు. నాతో పనిచేసిన థాయ్ టీచర్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు గుండు చేయించుకున్నవాళ్లే. తొమ్మిదేళ్లుగా వాళ్ల మాటలు వింటున్నాను. మాది అమరావతి స్తూపానికి సైకిల్ మీద వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఊరు. చిన్నప్పుడు ఆ మట్టిదిబ్బ చుట్టూ ఆడుకున్నామే గానీ అక్కడ భిక్షువులు ఎలా బతికారో ఎవరూ చెప్పలేదు. ఒక్కసారి లోపలినుంచి చూద్దామనిపించింది.

లోపలికి వెళ్లాక నాకు కనిపించిన మొదటి సంగతి ప్రశాంతత కాదు, ఫైళ్లు.

నేను చేరింది నఖోన్ పథోమ్ జిల్లాలో ఒక పల్లె వాట్. వాట్ అంటే గుడి, మఠం రెండూ కలిసిన చోటు. ఇలాంటివి దేశంలో 40,000కు పైగా ఉన్నాయి. ప్రతి వాట్‌కూ ఒక పెద్ద ఉంటారు. మా పెద్దని అందరూ లువాంగ్ ఫొ అనేవారు, పూజ్యుడైన తండ్రి అని అర్థం. నాకు దీక్ష ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్నారు గానీ, ఇచ్చేది ఆయన కాదు. ఆ అధికారం ఆయనకు లేదు. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం ప్రకారం చూస్తే పది వర్షావాసాలు దాటి, తెలివీ సమర్థతా ఉన్న ఏ భిక్షువైనా దీక్ష ఇచ్చే ఉపాధ్యాయుడు కావచ్చు. థాయ్ చట్టం ప్రకారం అది చాలదు, పైనుంచి నియామక పత్రం కావాలి. సాధారణంగా కొన్ని ఊళ్లు కలిసిన తంబోన్ పెద్దకో, అంతకన్నా పైవాళ్లకో అది ఇస్తారు. కాబట్టి నా ఉపాధ్యాయుడు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని ఇంకో వాట్ నుంచి వచ్చారు. డ్రైవింగ్ వచ్చినంత మాత్రాన ఇంకొకరికి లైసెన్స్ ఇవ్వలేం కదా, అలా అర్థం చేసుకున్నాను.

మన ఊళ్ల భాషలో చెప్తే అమరిక ఇదీ. వాట్ పెద్ద సర్పంచ్ లాంటివాడు. కొన్ని ఊళ్లు కలిపి తంబోన్, దానికొక భిక్షువు పెద్ద. కొన్ని తంబోన్‌లు కలిపి అంఫొ, మన మండలం అనుకోండి, దానికొకరు. ఆపైన చంగ్వాట్, అంటే జిల్లా కన్నా కొంచెం ఎక్కువ, రాష్ట్రం కన్నా చాలా తక్కువ. చంగ్వాట్‌లు కలిసి 18 ప్రాంతాలు. వాటిపైన ఉత్తరం, దక్షిణం, మధ్య, తూర్పు అని నాలుగు పెద్ద విభాగాలు. ఇది మహానికాయ అనే పెద్ద శాఖ లెక్క. ధమ్మయుత్తిక అనే చిన్న శాఖకు విడిగా తన వరస ఉంది. ఆ శాఖని 19వ శతాబ్దంలో, రాజు కాకముందు భిక్షువుగా ఉన్న మోంగ్‌కుట్ మొదలుపెట్టాడు. ఈ రెండు వరసలూ పైకి వెళ్లి మహాథేర సమాఖోమ్ అనే సభ దగ్గర కలుస్తాయి. దానికి అధ్యక్షుడు సంఘరాజు. సర్కారు పాలన ఎన్ని అంతస్తులో, భిక్షువుల పాలన కూడా దాదాపు అన్ని అంతస్తులు. ఒకదాన్ని చూసి ఇంకోటి కట్టారని తెలిసిపోతూనే ఉంటుంది.

నా ఫైలు మొదటిసారి తిరిగొచ్చింది. కారణం మన తెలుగువాళ్లందరికీ తెలిసిందే, ఇంటిపేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. మెడికల్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంది. పోలీస్ క్లియరెన్స్‌లో ఇంటిపేరు వెనక్కి పోయి, మా నాన్న పేరు మధ్యలోకి వచ్చింది. కాగితాలు చూసే ఆఫీసులో ఉన్న అమ్మాయి మూడూ పక్కపక్కన పెట్టుకుని, "వీళ్లు ముగ్గురా?" అని అడిగింది. నవ్వుతూ అడిగినా కాగితాలు మాత్రం తీసుకోలేదు. ఇంకో మూడు వారాలు తిరిగాను. పని వీసా రద్దయింది కాబట్టి, భిక్షువుగా దేశంలో ఉండటానికి వీసా పొడిగించాలి. దానికి జాతీయ బౌద్ధ కార్యాలయం నుంచి లేఖ కావాలి. 2002లో పెట్టిన ప్రభుత్వ శాఖ అది. మహాథేర సమాఖోమ్‌కి సెక్రటేరియట్ పని కూడా అదే చేస్తుంది. అంటే భిక్షువుల సభ నిర్ణయిస్తుంది, గుమాస్తా పని సర్కారు చేస్తుంది. గుమాస్తా చేతిలో ఎంత బలం ఉంటుందో ఆఫీసుల చుట్టూ తిరిగిన ఎవరికైనా తెలుసు.

కాగితాల కన్నా కష్టమైంది అమ్మని ఒప్పించడం. తల్లిదండ్రుల అనుమతి కూడా దీక్షలో అడిగే ప్రశ్నల్లో ఒకటి. నాన్న లేరు. అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. "ఏందిరా ఇది, సన్నాసుల్లో కలుస్తావా? ఆ పిల్ల ఏమైపోవాలి?" అంది. మూడు నెలలే అంటే నమ్మలేదు. చివరికి మా ఆవిడే మాట్లాడింది: "అత్తయ్యా, తిరుపతిలో ఇచ్చినట్టు అనుకోండి. జుట్టు మళ్లీ వస్తుంది." ఆ మాటకు అమ్మ కొంచెం మెత్తబడింది. థాయిలాండ్‌లో కనుబొమ్మలు కూడా గీసేస్తారని మాత్రం మేం చెప్పలేదు. తర్వాత వీడియో కాల్‌లో చూసి, "ఆ కళ్లమీద ఏమైందిరా" అని మళ్లీ ఏడుపు.

దీక్ష జులై రెండో వారంలో. అంతకుముందు పదిరోజులు తెల్లబట్టల్లో వాట్‌లోనే ఉండి పాళీ పాఠం బట్టీపట్టాలి. ఆ దశలో ఉన్నవాడిని నాక్ అంటారు, అంటే నాగుడు. ఒక నాగుడు మనిషి రూపంలో వచ్చి భిక్షువైతే, నిద్రలో అసలు రూపం బయటపడి అందరూ హడలిపోయారనీ, అప్పటినుంచి "నువ్వు మనిషివేనా?" అని అడగడం మొదలైందనీ కథ.

బట్టీపట్టడం థాయ్ కుర్రాళ్ల కన్నా నాకు తేలికైంది. వాళ్లకు అది అర్థంకాని శబ్దం. నాకు సగం తెలుగు. "మనుస్సోసి?" మనిషివేనా? "పురిసోసి?" పురుషుడివేనా? "భుజిస్సోసి?" ఎవరికీ బానిసవి కాదు కదా? "అనణోసి?" ఋణం లేదు కదా? "నసి రాజభటో?" రాజభటుడివి కాదు కదా? ప్రతిదానికీ "ఆమ భంతే" అనాలి. వాటికి ముందు ఐదు జబ్బుల పేర్లు వస్తాయి, వాటికి మాత్రం "నత్థి భంతే". కుష్ఠు, అపస్మారం లాంటి మాటలు వినగానే తెలిసిపోతాయి. పక్కనున్న కుర్రాడు టెన్షన్‌లో అన్నిటికీ "ఆమ భంతే" అనేశాడు. రిహార్సల్ కాబట్టి సరిపోయింది గానీ, లెక్కప్రకారం వాడికి ఐదు రోగాలూ ఉన్నట్టే.

ఎక్కడపడితే అక్కడ దీక్ష ఇవ్వడం కుదరదు. సీమ ఉండాలి. సీమ అంటే హద్దు. భిక్షువులు సమావేశమయ్యే ఉపోసథశాల చుట్టూ ఎనిమిది దిక్కుల్లో ఎనిమిది సీమరాళ్లు పాతి ఉంటాయి. లోపలి ఆ కాస్త నేలను ఊరినుంచి విడదీసి సంఘానికి ఇచ్చినట్టు రాజు పేరు మీద ప్రకటన రావాలి. ఆ ప్రకటన లేని చోటుని పూర్తి వాట్‌గా లెక్కవేయరు. పక్క ఊళ్లో అలాంటి చిన్న ఆశ్రమం ఉంది. భిక్షువులు ఉన్నారు, ధ్యానం ఉంది, కానీ దీక్షలకు మా వాట్‌కే రావాలి.

ఆ రోజు ఉదయం ఉపోసథశాల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాం. పిల్లలు నేను విసిరిన చిల్లర ఏరుకున్నారు. మా ఆవిడ చీరలో వచ్చింది, ఊళ్లో ఆడవాళ్లంతా ఆ చీర కుచ్చిళ్లు పట్టుకుని చూశారు. లోపల భిక్షువులు పదిహేనుమంది కూర్చున్నారు. బుద్ధుడు తిరిగిన మధ్యదేశంలో అయితే కనీసం పదిమంది ఉండాలని, ప్రత్యంత దేశాల్లో, అంటే దాని హద్దులకు అవతల, ఐదుగురు చాలునని వినయపిటకం చెప్తుంది. ఆ హద్దుల ప్రకారం మన తెలుగునేల ప్రత్యంతమే. థాయ్‌లాండ్ సంగతి చెప్పక్కర్లేదు. అయినా వాళ్లు పదికి తగ్గనివ్వరు.

తర్వాత జరిగిందే నేను ఇంతకాలం మర్చిపోలేని సంగతి. ఇద్దరు ఆచార్యులు పక్కపక్కన నిలబడి, "సుణాతు మే భంతే సంఘో" అని మొదలుపెట్టారు. సంఘం నా మాట వినుగాక. ఫలానావాడు ఫలానా ఉపాధ్యాయుడి దగ్గర ఉపసంపద, అంటే పూర్తి దీక్ష, కోరుతున్నాడు అని ఒకసారి ప్రతిపాదన. ఆపైన అదే విషయం మూడుసార్లు ప్రకటన. ప్రతిసారీ చివర, ఎవరికి సమ్మతమో వాళ్లు మౌనంగా ఉండండి, ఎవరికి కాదో వాళ్లు మాట్లాడండి అని. నేను చేతులు జోడించి మోకాళ్ల మీద ఉన్నాను. మూడుసార్లూ నిశ్శబ్దం. ఆ పదిహేనుమందిలో ఎవరైనా ఒక్కరు, ఎంత చిన్నవాడైనా, నోరు విప్పితే నా దీక్ష అక్కడే ఆగిపోయేది. మనవాళ్లు మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇక్కడ అది పూర్తి అంగీకారం. చేతులెత్తడం, లెక్కపెట్టడం ఏమీ లేదు.

నాకు పెట్టిన పాళీ పేరు పభస్సరో. గురువారం పుట్టినవాళ్లకు ప, బ, మ లాంటి అక్షరాలతో పేరు పెడతారు. ప్రభాస్వరుడు అన్నమాట. మా ఆవిడ అది విని, "ప్రభాస్ అనుకోండి, సింపుల్‌గా" అంది.

సాయంత్రం లువాంగ్ ఫొ నా చేతిలో చిన్న పుస్తకం పెట్టారు. దాన్ని సుత్థి అంటారు. పాస్‌పోర్ట్ లాగే ఉంటుంది. ఫొటో, గృహస్థ నామం, పాళీ నామం, దీక్ష తేదీ, ఉపాధ్యాయుడి పేరు, ఏ వాట్‌కి చెందినవాడు, సంతకాలు, ముద్ర. ఇంటిపేరు ఈసారి సరిగ్గా పడింది. పొద్దున్న దాకా నన్ను "నువ్వు" అన్న లువాంగ్ ఫొ అప్పుడు "మీరు ఇది జాగ్రత్తగా పెట్టుకోండి" అన్నారు. పేరు మారినా, గుండు చేయించుకున్నా అనిపించనిది ఆ "మీరు" వినగానే అనిపించింది.

సుత్థి విలువ ఆగస్టులో తెలిసింది. ఒక సాయంత్రం నలభై ఏళ్ల భిక్షువు ఒకాయన వచ్చి రెండు రాత్రులు ఉంటానన్నాడు. నమస్కారాలయ్యాక లువాంగ్ ఫొ మర్యాదగానే సుత్థి అడిగారు. పోయిందన్నాడు. మీ వాట్ ఏది, మీ ఉపాధ్యాయుడెవరు అంటే ఒక పేరు చెప్పాడు. లువాంగ్ ఫొ ఫోన్ తీసి తంబోన్ పెద్దకి, ఆయన అటువైపు అంఫొ పెద్దకి మాట్లాడారు. పది నిమిషాల్లో తేలింది, ఆ వాట్‌లో అలాంటివాడు లేడు. మేం టీ కలిపి తెచ్చేలోగా మనిషి కూడా లేడు. డబ్బులు అడుక్కోవడానికి కాషాయం కట్టుకుని తిరిగే దొంగ భిక్షువులు అక్కడ మామూలేనట. ఆ రోజు దాకా ఈ అంతస్తులన్నీ చూసి లోపల్లోపల నవ్వుకున్నవాణ్ణి, కొంచెం తగ్గాను.

మా వాట్‌లో శాశ్వతంగా ఉండేవాళ్లు తొమ్మిదిమంది. వర్షావాసానికి నాలాంటివాళ్లు ఐదుగురు. ఆఫీసు గదిలో నల్లబల్ల మీద సుద్దతో 14 అని రాసి ఉండేది. ఆ ఆఫీసు గదిలో నేను గడిపినంత సమయం ధ్యానమందిరంలో గడపలేదు. లెక్కల టీచర్ అని తెలిశాక లువాంగ్ ఫొ వదల్లేదు. థాయ్ చట్టంలో వాట్ అంటే న్యాయపరంగా ఒక వ్యక్తి. భూమి దాని పేరు మీద ఉంటుంది, కేసు వేయొచ్చు, దానిమీద వేయొచ్చు. దాని తరఫున సంతకం పెట్టేది వాట్ పెద్ద. ఆయన నియమించిన గృహస్థు ఒకరు డబ్బు వ్యవహారం చూస్తారు. ఆయన్ని వైయావచ్చకోన్ అంటారు. మా వాట్‌లో ఆయన రిటైరైన హెడ్‌మాస్టర్. చట్టప్రకారం పాలనా పదవిలో ఉన్న భిక్షువూ, ఈ వైయావచ్చకోన్ కూడా శిక్షాస్మృతి దృష్టిలో ప్రభుత్వాధికారులే. లెక్క తప్పితే మామూలు దొంగతనం కేసు కాదు, అధికారి చేసిన నేరం. అందుకే ఆ హెడ్‌మాస్టర్ గారు ఇరవై బాత్‌ల రసీదు కనిపించకపోయినా రాత్రి ఎనిమిదింటికి టార్చ్ పట్టుకుని వచ్చేవారు.

లేఖలు ఎప్పుడూ పైనుంచి కిందికే వచ్చేవి. ముద్ర ఉన్న కాగితం తర్వాత వస్తుంది, ముందు తంబోన్ పెద్ద లైన్ అనే యాప్ గ్రూప్‌లో ఫొటో పెడతారు. భిక్షువుల జాబితా పంపండి. వర్షావాసంలో పాఠశాల నడుపుతున్నారా లేదా రాయండి. ఫలానా రోజు ఫలానా పారాయణం చేసి ఫొటోలు పంపండి. ఫొటోలు పంపడం నా పనైంది. ఒకసారి ఫొటో కోసం మేం పారాయణం మళ్లీ మొదటినుంచి చేశాం. నాకు మన స్కూళ్లలో ఇన్‌స్పెక్షన్ రోజులు గుర్తొచ్చాయి.

ఇదంతా ఎప్పుడు మొదలైందని లువాంగ్ పూని అడిగాను. పూ అంటే తాత. ఆయనకు 51 వర్షావాసాలు. ఇరవయ్యో ఏట కట్టిన కాషాయం విప్పలేదు. బిరుదు లేదు, పదవి లేదు, గదిలో ఒక ఫ్యాన్, రెండు పిల్లులు. నేను అమరావతి వైపు నుంచి వచ్చానని తెలిసినప్పుడు ఆయన, "ఓ, అంధకులు! కథావత్థు వ్యాఖ్యానంలో మావాళ్లు వాదించింది మీవాళ్లతోనే" అని పడిపడి నవ్వారు. కథావత్థు అంటే వేరే శాఖల వాదాలను ఖండించే థేరవాద గ్రంథం. పూర్వశైలీయులు, అపరశైలీయులు అని ఆంధ్ర శాఖల పేర్లు ఆయన నోటి వెంట గడగడా వచ్చాయి. మా ఊరి చరిత్ర నాకు ఒక థాయ్ పల్లెలో, ఓడిపోయిన పక్షంగా పరిచయమైంది.

ఆయన చెప్పిన లెక్కలో మూడు చట్టాలున్నాయి. మొదటిది 1902లో, చులాలోంగ్‌కోన్ రాజు కాలంలో. అప్పటిదాకా ఏ ప్రాంతపు భిక్షువులు ఆ ప్రాంతపు పద్ధతిలో ఉండేవారు. ఆ చట్టంతో దేశంలోని భిక్షువులంతా ఒకే నిచ్చెన మీదికి వచ్చారు. రాజు తమ్ముడు, భిక్షువు అయిన వజిరఞాణ రాకుమారుడు పాఠ్యపుస్తకాలు, పరీక్షలు ఏర్పాటు చేశాడు. మేం రోజూ మధ్యాహ్నం చదివిన కొత్త భిక్షువుల పుస్తకం కూడా ఆయన రాసిందే. రెండోది 1941లో. దేశంలో నిరంకుశ రాజరికం పోయి రాజ్యాంగం వచ్చాక సంఘానికీ అదే అచ్చు పోశారు. 45 మంది దాకా ఉండే సంఘసభ, భిక్షువుల మంత్రివర్గం, భిక్షువుల న్యాయస్థానాలు. మూడోది 1962లో. సైనిక పాలకుడు సరిత్, ఇలా అధికారాన్ని మూడుగా చీల్చడం వల్ల పనులు సాగడం లేదని ఆ సభనీ మంత్రివర్గాన్నీ తీసేసి అంతా సంఘరాజు, మహాథేర సమాఖోమ్ చేతికిచ్చాడు. ఇప్పటికీ నడుస్తున్నది ఆ చట్టమే, మధ్యలో సవరణలతో.

"ఆ మంత్రివర్గంలో పాలన చూసిన ఫిమోన్‌థమ్ గారిని ఆ సంవత్సరమే అరెస్టు చేశారు" అన్నారు లువాంగ్ పూ. బ్యాంకాక్ వాట్ మహాథాత్ పెద్ద ఆయన. అంతకు రెండేళ్ల ముందే బిరుదు తీసేశారు. కమ్యూనిస్టు అని కేసు పెట్టి, కాషాయం విప్పించి జైల్లో పెట్టారు. జైల్లోనూ ఆయన భిక్షువు నియమాలు తప్పలేదట. 1966లో సైనిక న్యాయస్థానమే నిర్దోషి అని తేల్చింది. బిరుదు తిరిగి రావడానికి 1975 దాకా పట్టింది. లువాంగ్ పూ ఇది కోపంగా చెప్పలేదు. పిల్లి చెవులు నిమురుతూ, తన గురువు దగ్గర విన్నది విన్నట్టు చెప్పారు.

కొత్త సవరణల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. 2013 అక్టోబర్‌లో, నూరేళ్లు నిండిన సంఘరాజు కాలం చేశాక ఆ పీఠం మూడేళ్లకు పైగా ఖాళీగా ఉంది. పాత నియమం ప్రకారం బిరుదులో అందరికన్నా సీనియర్ అయిన స్థవిరుడి పేరును సమాఖోమ్ ఆమోదంతో ప్రధానమంత్రి రాజుకు ప్రతిపాదించాలి. వివాదాలతో అది ముందుకు సాగలేదు. చట్టం మార్చి నియామకాన్ని నేరుగా రాజుకు ఇచ్చారు. 2017 ఫిబ్రవరిలో వాట్ రాచబొఫిత్ పెద్దని 20వ సంఘరాజుగా నియమించారు. 2018లో ఇంకో సవరణతో సమాఖోమ్ సభ్యుల్ని కూడా రాజే నియమించడం మొదలైంది. అప్పటిదాకా సోమ్‌దెత్ అనే పెద్ద బిరుదు ఉన్న స్థవిరులు పదవి రీత్యా సభ్యులుగా ఉండేవారు. రాజు గురించి అక్కడ చాలా జాగ్రత్తగా మాట్లాడతారు. నేనూ అడగలేదు.

రెండు నిచ్చెనల సంగతి నాకు అర్థమైంది పున్నమి, అమావాస్య రోజుల్లో. పక్షానికోసారి సీమలో కూర్చుని 227 నియమాలూ పాళీలో వల్లిస్తారు. దానికి ముందు ఇద్దరిద్దరుగా కూర్చుని ఆ పదిహేను రోజుల్లో చేసిన తప్పులు ఒకరికొకరు చెప్పుకుంటారు. అక్కడ కూర్చునే వరస దీక్ష తీసుకున్న తేదీని బట్టి. ఒకే రోజు అయితే గంట, నిమిషం కూడా చూస్తారు. సుత్థిలో దీక్ష సమయం రాసేది అందుకే. మొదటి స్థానం లువాంగ్ పూది. 24 వర్షావాసాల లువాంగ్ ఫొ నాలుగో స్థానంలో కూర్చుని ఆయనకు సాష్టాంగపడతారు. నేను చివరివాడిని. నాకన్నా పదకొండు నిమిషాల ముందు దీక్ష అయిన ఇరవై రెండేళ్ల మెకానిక్ కుర్రాడికి నేను రోజూ దండం పెట్టాను, నలభై మూడేళ్లవాణ్ణి.

సెప్టెంబర్‌లో ఒక పెద్ద కార్యక్రమానికి పై అధికారి భిక్షువు వచ్చారు. ఆ రోజు వరస వేరు. ముందు బిరుదు ఉన్నవాళ్లు, వాళ్ల చేతిలో బిరుదు గుర్తుగా జరీ అంచు విసనకర్రలు. ఆ బిరుదులు రాజు పేరున వస్తాయి, వాటికి నెలనెలా ప్రభుత్వం ఇచ్చే నిత్యభత్త ఉంటుంది. మన బత్తెం మాటే అది. లువాంగ్ ఫొకి ఫ్ర ఖ్రు బిరుదు ఉంది కాబట్టి ముందు వరస. లువాంగ్ పూ ఎక్కడో వెనక. నాకు చిరాకేసింది. సాయంత్రం ఆ మాట అంటే ఆయన, "వెనక కిటికీ ఉంది, గాలి బాగా వస్తుంది" అన్నారు. నిజమే, ఉంది. కానీ ఆ జవాబుతో నా చిరాకు పోలేదు. లువాంగ్ ఫొకీ ఇబ్బందిగానే ఉందని మర్నాడు తెలిసింది. పొద్దున్నే భిక్షకు వెళ్లొచ్చి, తన పాత్రలో పడిన మామిడిపండు తీసుకెళ్లి లువాంగ్ పూ గదిలో పెట్టి దండం పెట్టి వచ్చారు. ఆయన ఉద్యోగం అసలు ఎక్కడుందో నాకు అక్కడ కనిపించింది. వినయం చెప్పే సంఘంలో ఎవరూ ఎవరికీ పై అధికారి కాదు, అందరూ ఒప్పుకుంటేనే పని. చట్టం చెప్పే సంఘంలో పైనుంచి కాగితం వస్తుంది, కింద సంతకం పెట్టాలి. రెండూ ఒకే ప్రాంగణంలో, ఒక్కోసారి ఒకే పూట. ఆ రెండింటి మధ్య కూర్చునేవాడే వాట్ పెద్ద.

మా ఆవిడ ఆదివారాలు వచ్చేది. ఒకసారి హెడ్‌మాస్టర్ గారిని సూటిగా అడిగింది, ఆడవాళ్లకు ఇదంతా ఎందుకు లేదని. ఆయన తడబడ్డారు. 1928లో అప్పటి సంఘరాజు, ఆడవాళ్లకు దీక్ష ఇవ్వకూడదని ఆజ్ఞ ఇచ్చారు. అది ఇప్పటికీ అలాగే ఉంది. శ్రీలంక వెళ్లి భిక్షుణి దీక్ష తీసుకుని వచ్చిన థాయ్ స్త్రీలు ఉన్నారు. వాళ్లలో పేరున్న ధమ్మనందా భిక్షుణి మఠం ఇదే నఖోన్ పథోమ్‌లో ఉంది. ఆమె 2003లో శ్రీలంకలో ఉపసంపద పొందారు. ఊళ్లోవాళ్లు భిక్ష వేస్తారు, కానీ థాయ్ సంఘం జాబితాలో ఆమె పేరు లేదు. "అయితే నల్లబల్ల మీద లెక్కలోకి రారన్నమాట" అంది మా ఆవిడ. హెడ్‌మాస్టర్ గారు టీ పోశారు.

అక్టోబర్ 13న వర్షావాసం ముగిసింది. భిక్షువులకు వస్త్రాలు సమర్పించే కఠినోత్సవం దాకా ఉండి నవంబర్ మొదట్లో బయటికి వచ్చేశాను. రావడం ఎంత తేలికో చెప్తే నవ్వుతారు. చేరడానికి రెండు నెలలు, మూడు సర్టిఫికెట్లు, ఉపాధ్యాయుడు, పదిహేనుమంది మౌనం కావాల్సి వచ్చింది. మానడానికి ఒక్కరి ముందు ఒక్క వాక్యం. "సిక్ఖం పచ్చక్ఖామి, గిహీతి మం ధారేథ." శిక్షణ వదులుతున్నాను, నన్ను గృహస్థుగా ఎంచండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. లువాంగ్ పూ ముందు ఆ మాట అన్నాను. ఆయన విన్నారు, అంతే. గది వెనక్కి వెళ్లి ప్యాంటు వేసుకున్నాను. నడుం దగ్గర వదులైంది.

ఆఫీసులో లువాంగ్ ఫొ సుత్థి తీసుకుని, నేను మానేసిన తేదీ రాసి సంతకం పెట్టారు. మళ్లీ "నువ్వు" అన్నారు. "తంబోన్‌కి ఈ నెల లెక్క ఇవాళే పంపాలి, నువ్వు లెక్కల మాస్టారివి కదా" అని సుద్దముక్క ఇచ్చారు. మెకానిక్ కుర్రాడూ ఇంకొకడూ అంతకుముందే వెళ్లిపోయారు. బల్ల మీద 12 ఉంది. చేత్తో తుడిచి 11 రాసి, సుద్ద ప్యాంటుకి తుడుచుకుని బస్సుకి బయల్దేరాను.